చిరాగ్‌పల్లి దారిలో బోర్డులు

అక్కర తీరినా చెరిగిపోని రాత నవ్వు తెప్పిస్తుంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా కర్ణాటక సరిహద్దులోని చిరాగ్‌పల్లికి 65వ నంబరు జాతీయ రహదారిపై వెళ్తే, అలాంటి రాతలు బస్సు లోపలే మొదలవుతాయి.

‘స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం’ అన్న ఆర్టీసీ వాక్యం తెలుగువాళ్లకు కంఠతా వచ్చినదే. ఆడవాళ్ల సీట్లలో వాళ్లనే కూర్చోనివ్వాలన్న విన్నపం దాని వెంటే ఉంటుంది. కూర్చోవద్దని కసరకుండా గౌరవాన్ని గుర్తుచేసే మంచి వాక్యమది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక దాని పని తగ్గిపోయింది. మా బస్సులో ఆ రాత కింద మొదలుకొని ఆరు వరసల దాకా ఆడవాళ్లే. నిలబడ్డ పెద్దాయన ఒకాయన దాన్ని పైకే చదివి నవ్వితే, సీట్లోని అమ్మలూ నవ్వారు. సరిపడా చిల్లర ఇవ్వమనే విన్నపమూ పక్కనే ఉంది. జీరో టికెట్‌కు చిల్లరతో పనేముంది?

పటాన్‌చెరు దాటాక గోడల వంతు. ‘ఇచ్చట ప్రకటనలు అంటించరాదు’ అన్నది తానే ఒక ప్రకటన. చాలాచోట్ల దాని సగం అక్షరాలు సినిమా పోస్టర్ల కిందే ఉంటాయి. ఈ రాతల భాష కూడా ముచ్చటైనది. ఇంట్లో, వీధిలో ‘ఇక్కడ’ అనేవాళ్లే గోడ దగ్గరికి వచ్చేసరికి ‘ఇచ్చట’ అంటారు. ‘తాగొద్దు’ కాస్తా ‘త్రాగరాదు’ అవుతుంది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎప్పుడో వదిలేసిన గ్రాంథికాన్ని బోర్డులు రాసే పెయింటర్లు బతికించారు. మాట పాతబడినకొద్దీ ఆజ్ఞకు బరువు పెరుగుతుందన్న నమ్మకమే ఇందుకు కారణం కావచ్చు.

టిఫిన్ సెంటర్లలో పొగ తాగరాదన్న బోర్డు చట్టం పెట్టించినది. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనల ప్రకారం అది కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. పెనం మీది పొగకు నల్లబడినా దాన్ని తీయడానికి వీల్లేదు. కిరాణా కొట్టులో ‘నేడు నగదు, రేపు అరువు’ అన్న రాత మాత్రం ఏ రోజు చదివినా నిజమే. అయితే ఇప్పుడు దాని కిందే క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. నగదు తెచ్చేవాళ్లే తగ్గారు.

జహీరాబాద్ బోర్డుల్లో ఊరి చరిత్ర కనిపిస్తుంది. ఈ తాలూకా 1956 నవంబరు 1 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. తరవాత మెదక్‌లో కలిసింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. దారి నంబరూ 2010 ముందు 9. అందుకే పాత చిరునామా ఉన్న బోర్డు కొత్తవాళ్లను తికమక పెడుతుంది. ఒకే పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిన బోర్డును మాత్రం అనవసరం అనలేం. ఇక్కడ ప్రతి లిపికీ చదివేవాళ్లున్నారు.

సరిహద్దు దగ్గరపడేకొద్దీ లారీలు ఎక్కువవుతాయి. వాటి వెనక ‘హారన్ ఓకే ప్లీజ్’. అది జనాన్ని అనవసరంగా హారన్ కొట్టమని పురిగొల్పుతోందని మహారాష్ట్ర రవాణా శాఖ 2015లో నిషేధించింది. అయినా చెరిగిపోలేదు.

చిరాగ్‌పల్లిని లారీ డ్రైవర్లు చెక్‌పోస్టు పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల తనిఖీ పోయింది. రవాణా శాఖ చెక్‌పోస్టులను తెలంగాణ ప్రభుత్వం 2025 అక్టోబరులో మూసేసింది. బారికేడ్లతోపాటు బోర్డులు కూడా తీసేయాలని ఆ ఆదేశాల్లోనే ఉంది. పని అయిపోయిన బోర్డును గుర్తుపెట్టుకుని దించమనడం ఈ దారిలో అరుదు. పర్మిట్లు, పన్నులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే.