కోత పండుగ కోడి

డోర్నకల్ దగ్గర ఒక పల్లెలో జరిగే కోత పండుగకు రమ్మని నా స్నేహితుడు మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. నిరుడు వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆరాధన కోసం కాదు, కూర కోసం. "మా గుడి కాడ వండే కోడికూర నీకు ఏ హోటల్ల దొరకదు" అని వాడు ఊరించిన తీరు అలాంటిది. గుడి అంటే వాళ్ళకు చర్చే. పాత కుటుంబాల్లో ఇప్పటికీ ఆ మాటే.

లోపలికి అడుగు పెడితే సంతలోకి వచ్చినట్టుంది. బల్ల ముందు వరికంకుల కట్టలు, ఎండుమిర్చి, గుమ్మడికాయలు, చెరకు గడలు, గంపల కింద కోళ్ళు, కిటికీ ఊచకు కట్టిన మేకపిల్ల. ఇంటికొచ్చిన పంటలో తొలిపాలు దేవుడిది. మరి సెంటు భూమి లేనివాళ్ళో? వాళ్ళకూ దారుంది. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నా స్నేహితుడి తల్లి తెచ్చిన సంచిలోకి తొంగిచూశాను. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఆ ఇంట్లో ఏ నెల ఎలా గడిచిందో ఆ సంచికి తెలుసు.

అయ్యగారి ప్రసంగం మధ్యలో గంప కింది పుంజు కూసింది. ఆగి మళ్ళీ కూసింది. బైబిల్లో కోడి కూసేలోపే యేసు ఎవరో తెలియదని బొంకినవాడు పేతురు. వెనకనుంచి ఎవరో "పేతురు ఎవరో చూసుకోండ్రి" అనేసరికి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు కూడా కళ్ళజోడు తుడుచుకునే నెపంతో తల దించుకున్నారు.

ఆరాధన అయ్యాక వేలంపాట. వచ్చిన కానుకలన్నీ పాడుకుని కొనుక్కోవాలి, డబ్బు సంఘానికి. అంగట్లో ముప్పై రూపాయలకు వచ్చే సొరకాయ మూడు వందలు పలికింది. నాకూ ఊపొచ్చి, ఒక ముసలమ్మ ఇచ్చిన ఎర్రటి నాటుకోడిపెట్టను ఎనిమిది వందలకు పాడాను. కాళ్ళు కట్టి చేతిలో పెట్టాక గానీ తెలివి రాలేదు. అది రెక్కలు కొట్టుకుంటూ నా చొక్కా మీద చేయాల్సిందంతా చేసింది. "బస్సుల ఏడ పట్టుకపోతవ్ బిడ్డా, మళ్ళ గుడికే ఇయ్యి" అంది స్నేహితుడి తల్లి. ఇచ్చేశాను. రెండోసారి ఒక పంతులుగారు ఆరు వందలకు పాడి, ఆయనా తిరిగిచ్చేశారు. మూడోసారి హైదరాబాద్‌లో కారు నడుపుకునే కుర్రాడు తొమ్మిది వందలన్నాడు. ఒక్క కోడి, మూడు పాటలు, రెండువేల మూడు వందలు. ఇంత లాభసాటి కోళ్ళఫారం నేనెక్కడా చూడలేదు.

ఈ లెక్క చూస్తే బిషప్ అజరయ్య సంతోషించేవారేమో. తిరునెల్వేలి ప్రాంతం నుంచి డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన మనిషి. ఎంత పేద సంఘమైనా తన కాళ్ళమీద తాను నిలబడాలని ఆయన పట్టుదల. బిషప్ కావడానికి రెండేళ్ళ ముందే ఎడింబరో మిషనరీ మహాసభలో, మీ దానాలూ త్యాగాలూ సరే, మాకు స్నేహితులు కావాలి అని తెల్ల మిషనరీల ముఖానే అన్నారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్ చూడండి, గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు దేవళాన్ని. పిలవని చుట్టమంటూ ఎవరూ లేరన్నట్టుంటుంది ఆ కట్టడం.

ఇక అసలు సంగతి. వేపచెట్టు కింద మూడు పెద్ద గంజులు. మొదటి దాంట్లో బగారన్నం, రెండో దాంట్లో కోడికూర, మూడో దాంట్లో పప్పుచారు. వంటవాళ్ళంటూ ఎవరూ లేరు, అందరూ సంఘం మగవాళ్ళే. ఉప్పు చూడ్డానికి నలుగురు, తగ్గిందనేవాళ్ళు ఇద్దరు, ఎక్కువైందనేవాళ్ళు ఇద్దరు. చర్చి లోపల అన్ని నాటుకోళ్ళు కూస్తుంటే కూరలో పడ్డది మాత్రం టౌన్ నుంచి తెచ్చిన బాయిలర్ కోడి. కొంచెం నిరాశపడ్డమాట వాస్తవం. కానీ పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, ఎండుకొబ్బరి నూరి వేసిన ఆ ముద్ద ముందు ఏ కోడైనా ఒకటే అయిపోయింది. అడుగున కాస్త మాడింది కూడా. అన్నంలో ఆ పొగవాసన కలిసి మరో గంటె వేయించుకునేలా చేసింది.

బంతిలో నా పక్కన మేకపిల్లను పాడుకున్న మేస్త్రీ, అవతల సర్పంచు. ముందు తినేసి లేచిపోయేవాళ్ళు, ఆకలితో మిగిలిపోయేవాళ్ళు ఒకే విందులో ఉండటాన్ని బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరంలో కోప్పడ్డాడు. ఇక్కడ పొలాల నుంచి ఆలస్యంగా వచ్చే పదిమందికి ముందే కూర తీసి మూతపెట్టారు. మన పెళ్ళిళ్ళలో, కుర్చీ వెనకాల మనిషి నిలబడి మన విస్తరికేసి చూసే పద్ధతి గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి కారు కుర్రాడు ముసలమ్మతో మాట్లాడుతున్నాడు. "నానమ్మా, పట్నంల కోడి నేనేడ పెట్టుకుంట? సంక్రాంతికొస్త, అందాక నీ కాడనే ఉండనీ."

ఆమె కోడి కాళ్ళకున్న తాడు విప్పి, "పొద్దుగాల సంది దీనికి ఎవలన్నా ఇన్ని గింజలేసిన్రా?" అని గద్దించి, తన విస్తరిలో మిగిలిన బగారన్నం దానిముందు చల్లింది.