వాగటోర్‌లో శృతి తప్పిన ఇరవై సెకన్లు

గోవా అనగానే మన కుర్రకారుకి 'దిల్ చాహతా హై' గుర్తొస్తుంది. 2001లో వచ్చిన ఆ సినిమాలో ముగ్గురు మిత్రులు సముద్రం చూస్తూ కూర్చున్న చపోరా కోట గోడ దగ్గర ఫోటోలు దిగేవాళ్ళకి ఈనాటికీ లోటు లేదు. నేను మాత్రం ఆ కోటకి కాస్త దూరంలో, వాగటోర్ గుట్ట మీద, ఫోటోలో పడని తమాషా ఒకటి చూసొచ్చాను. విన్నాననాలి, న్యాయంగా!

ట్రాన్స్ సంగీతం మీలో చాలామంది వినే ఉంటారు. నిమిషానికి 138, 140 దెబ్బలు... మామూలు గుండెకి రెట్టింపు వేగం. అంజునా, వాగటోర్ తీరాల్లో హిప్పీలు మొదలుపెట్టిన ఆటపాటల్లోంచి పుట్టి, 1990లలో 'గోవా ట్రాన్స్' పేరుతో దేశదేశాలూ పాకింది. 2023లో కన్నుమూసిన గోవా గిల్ వంటి వాళ్ళు డాట్ టేపుల మీద వాయించేవారు. ఈ ఎండకీ దుమ్ముకీ గ్రామఫోను రికార్డులు ఆగవు మరి! ఆ టేపు యంత్రాల్లో వేగం మార్చే వీలు లేదు. అందుకని ఒక పాట చివర, ఇంకో పాట మొదట, తాళం లేని చోటు చూసి అతికేవారు.

ఇప్పటి డీజేకి ఆ ఇబ్బంది లేదు. ఇంకో ఇబ్బంది ఉంది.

నాకది చెప్పింది గుంటూరు కుర్రాడు. అక్కడ పెళ్ళి ఊరేగింపుల్లో డీజే, ఇక్కడ కొత్త. ఆ రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా అతని వంతు. పది కొడితే బయట మైకు కట్టెయ్యాల్సిందే, రూలు! నచ్చితే సీజనంతా శనివారాలు ఇస్తానన్నాడట యజమాని.

"చూడండన్నా" అని గడియారంలాంటి పటం చూపించాడు. పన్నెండు అంకెలు, ఒక్కోదానికి ఎ, బి అని రెండేసి గడులు. మన కచేరీలో గాయకుడు శృతి పెట్టుకుంటే మంగళం దాకా అదే. డీజే పాటలు ఒక్కోటి ఒక్కో శృతిలో పుట్టినవి. పైగా రెండు పాటలు సుమారు నిమిషంపాటు ఒకదాని మీద ఒకటి నడవాలి. '8ఎ' అంటే ఎ మైనర్, హార్మోనియం లెక్కలో ఆరు శృతి. పక్కనున్న '9ఎ' మూడు శృతి, అంటే షడ్జమం నుంచి పంచమానికి. ఏడు స్వరాల్లో ఆరు కలుస్తాయి. '8బి'కి వెళితే స్వరాలన్నీ అవే, షడ్జమం ఒక్కటే మారుతుంది. శంకరాభరణం ధైవతాన్ని షడ్జమం చేస్తే నఠభైరవి రావడం లేదూ? మన గ్రహభేదమే, వేషం వేరు!

తొమ్మిదింబావు దాకా కుర్రాడు దుమ్ము దులిపాడు. అప్పుడు తనకి ప్రాణమైన పాత పాట ఒకటి తీశాడు. నడుస్తున్నది 8ఎ, వచ్చేదీ 8ఎ. ఇంతకంటే జోడీ ఏముంటుంది?

రెండో పాట రాగం మొదలైందో లేదో, నా పళ్ళు జివ్వుమన్నాయి. ఇద్దరు హార్మోనిస్టులు పక్కపక్క మెట్లు నొక్కి పోట్లాడుకుంటున్నట్టు! ముందు వరసలో చేతులు గాల్లోంచి దిగిపోయాయి. ఒకమ్మాయి మంచినీళ్ళ సీసా మూత తియ్యడం మొదలెట్టింది.

సంగతేమిటంటే, ఆ పాత పాట అసలు వేగం 132. దాన్ని 140కి తోలాడు. వేగం నూటికి ఆరు పాళ్ళు పెరిగితే శృతి అర మెట్టు పైకి పోతుంది. 33 రికార్డుని 45లో తిప్పితే గొంతు కీచుమనడం మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు. వేగం మారినా శృతి కదలకుండా పట్టడానికి 'మాస్టర్ టెంపో' అని ఒక మీట ఉంది. అది నొక్కడం మరిచాడు. పటంలో 8ఎ, స్పీకర్లో 3ఎ!

అతని మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది. పాట ఆపలేదు. కొత్త పాటలో రాగం వినపడకుండా నొక్కేసి, డప్పు దెబ్బ ఒక్కటీ ఉంచాడు. మీట నొక్కాడు. హెడ్‌ఫోను చెవికి అదుముకుని విన్నాడు. తర్వాత రాగాన్ని కొంచెం కొంచెంగా పైకి వదిలాడు. మొత్తం ఇరవై సెకన్లు. చేతులు మళ్ళీ లేచాయి.

పది కొట్టింది. మైకు ఆగేసరికి కింద సముద్రం హోరు.

"అన్నా, మీకు వినపడిందా?"

"వినపడింది తమ్ముడూ."

యజమాని వచ్చాడు. వచ్చే శనివారం ఇదే టైముకి రమ్మన్నాడు. "ఆ పాత పాట మాత్రం తేవద్దు" అన్నాడు హిందీలో.

కుర్రాడు సరేనని తలూపాడు. ఆయన అటు వెళ్ళగానే నాతో మెల్లిగా, "తెస్తానన్నా" అన్నాడు.