గజసాహిణి జాయన: జయానంతర కర్తవ్యం

సేనానుల చరిత్రను అభ్యసించువారు సాధారణంగా వ్యూహములను, దుర్గములను, బలాబలములను పరిశీలిస్తారు. విజయానంతరం విజేత ఏమి చేశాడన్న విచారణ అరుదు. సాధకునకు మాత్రం ఆ విచారణయే ప్రధానం. ఏలయనగా, అంతర్యుద్ధంలో ఓడిన ఇంద్రియములు రణభూమిని విడిచి పోవు. మరునాడు కూడా అతనితోనే నివసిస్తాయి.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములతో కూడిన కృష్ణానదీ దక్షిణతీర భూమికి ప్రాచీన నామం వెలనాడు. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు ఈ సీమను పాలించారు. క్రీ.శ. 1199లో సింహాసనమధిష్ఠించిన కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్ది ఆరంభంలోనే ఈ తీరంపై దృష్టి సారించాడు. వెలనాటి ప్రభువైన పృథ్వీశ్వరుడు యుద్ధంలో నిహతుడయ్యాడు. అయ్యవంశీయుల ఏలుబడిలోని దివిసీమ కూడా కాకతీయ సేనలకు వశమైంది.

అయితే గణపతిదేవుడు అయ్యవంశాన్ని నిర్మూలించలేదు. ఆ వంశపు ఆడపడుచులైన నారాంబ, పేరాంబలను పరిణయమాడాడు. వారి సోదరుడైన జాయనను గజసాహిణిగా, అనగా గజసైన్యాధిపతిగా నియమించాడు. దండోపాయంతో ఆరంభమైన కార్యం సామదానములతో పర్యవసించింది. తెనాలికి సమీపాన ఉన్న చేబ్రోలులోని 1213 నాటి శాసనం జాయన వైభవానికి సాక్ష్యం. అదే సంవత్సరం గణపతిదేవుని మరొక సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని ప్రతిష్ఠించాడు. సుమారు నాలుగు దశాబ్దముల అనంతరం, 1253-54లో జాయన సంస్కృతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథంలో పూర్వార్ధం మార్గనృత్తాన్ని, ఉత్తరార్ధం దేశినృత్తాన్ని నిరూపిస్తాయి. ఏనుగుల దండు నడిపినవాడే నర్తకి పాదన్యాసానికి లక్షణం చెప్పాడు. శత్రుపక్షమని నాడే ఖడ్గానికి బలి ఇచ్చి ఉంటే ఆ శాస్త్రం మనకు దక్కేది కాదు.

గణపతిదేవుడు వేదాంతబోధకై ఇట్లు చేశాడని కాదు, అది రాజ్యప్రయోజనమే. అయినను అందులో సాధకునకు ఒక వివేకం లభిస్తుంది. పృథ్వీశ్వరుని పట్ల ఒక నీతి, జాయన పట్ల మరొక నీతి. "నేనే ప్రభువును" అను అహంకారం కూలవలసినదే. దానిని సేవించిన వాక్కు, మేధ, కళాభిరుచి, కార్యదక్షత మాత్రం సామంతులు. వాటికి మరణం కాదు, యజమాని మారవలెను.

అనేక సాధనలు విఫలమగుట ఇచ్చటనే. సాధకుడు సంగీతం మానుతాడు, స్నేహితులను విడుస్తాడు, మౌనం పాటిస్తాడు, ఉపవసిస్తాడు. సామంతులందరూ నశించిన కోటలో "నేను గొప్ప త్యాగిని" అను రాజు ఒక్కడే సింహాసనంపై నిశ్చింతగా కూర్చుండును. హతులైనది ఎవరు? బ్రతికినది ఎవరు?

మనస్సును మదగజంతో పోల్చుట మన సంప్రదాయం. మావటి ఏనుగును అంకుశంతో వశపరచుకొనును; కాని మేత పెట్టి, పని నేర్పి, చివరకు దేవుని ఊరేగింపులో ముందు నడిపించును. నిగ్రహం ఆరంభం, వినియోగం ఫలం. కోపాన్ని అణచినవాడు అందులోని తేజస్సును దీనరక్షణకు నియోగించవలెను. వాచాలతను జయించినవాడు ఆ వాక్కును నామసంకీర్తనకు అర్పించవలెను. పని చూపని ఏనుగు కట్టుకొయ్యనే పెకలించును.

కావున ప్రతి రాత్రి నిద్రకు ముందు సాధకుడు తనను తాను ఒకటి ప్రశ్నించుకొనవలెను: నేను జయించితినని తలచు శక్తులలో ఏది నేటికీ ఈశ్వరసేవలో చేరక ఊరక ఉన్నది?