కుళాయికి వేసిన తాళం

మక్తబ్‌కు వచ్చే పిల్లలకు నేను ఏటా తహారత్ పాఠం చెబుతాను. ఏ నీరు పరిశుద్ధం, ఏది కాదు, వుజూ ఎలా చేయాలి, తయమ్ముమ్ ఎప్పుడు చెల్లుతుంది అన్నవి అందులోని విషయాలు. మదరసాలో చదువుకునే రోజుల్లో ఉస్తాదుల ముందు కూర్చుని నేర్చుకున్నవే. ముప్పై ఏళ్లకు పైగా అవే మాటలు చెబుతూ వచ్చాను. 2019 వేసవిలో ఆ పాఠాన్ని నాకు మళ్లీ నేర్పినది పదకొండేళ్ల బాలిక.

నెల్లూరు జిల్లా అనగానే చాలామందికి పెన్నా డెల్టా, పచ్చని వరి చేలు గుర్తుకు వస్తాయి. మా ఉదయగిరి ప్రాంతం అలాంటిది కాదు. జిల్లాకు పడమటి అంచున, వెలిగొండల చెంత ఉన్న మెట్ట నేల ఇది. మాకు ఆధారం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలతోనే చెరువులు నిండాలి, బావులు ఊరాలి. ఆ మూడు నెలలు మోసం చేస్తే తక్కిన ఏడాదంతా ఎదురుచూపే. లోతుగా బోరు వేసినా పలుచోట్ల ఫ్లోరైడు కలిసిన నీరే పైకి వస్తుంది.

2018 చివరలో ఆ వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడు ఏప్రిల్ నాటికే బావులు అడుగంటాయి. వీధిలోకి ట్యాంకరు వచ్చే వేళ ఎవరికీ తెలియదు. తెల్లవారుజామునే బిందెలు వరుసలో పెట్టి, వాటి పక్కనే స్త్రీలు, పిల్లలు కూర్చునేవారు.

మా వీధి మస్జిద్‌కు ఒక బోరు ఉంది. ఒక పుణ్యాత్ముడు తన తల్లిదండ్రులకు పుణ్యం చేరాలన్న సంకల్పంతో వేయించినది. ప్రహరీ గోడకు వీధివైపు ఒక కుళాయి ఉండేది. ముస్లింలని, ఇతరులని భేదం లేకుండా వీధి వారందరూ అక్కడ నీరు పట్టుకునేవారు. ఆ వేసవిలో బోరు నీరు సన్నగిల్లింది. రమజాన్ మూడు వారాల దూరంలో ఉంది. కమిటీ పెద్దలు నన్ను పిలిచి, “మౌలానా సాబ్, ఇలాగే వదిలేస్తే తరావీహ్ నాటికి వుజూకు చుక్క నీరుండదు. వీధి కుళాయికి తాళం వేయవచ్చా?” అని అడిగారు.

నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. మస్జిద్‌కు వక్ఫ్ చేసిన నీటిలో నమాజీలకే మొదటి హక్కు అన్నాను. ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. అయినా నా మాటను వారు ఫత్వాగానే స్వీకరించారు. ఆ సాయంత్రమే కుళాయికి ఇనుప పెట్టె బిగించి తాళం వేశారు.

ఆ వారంలోనే తయమ్ముమ్ పాఠం వచ్చింది. నీరు దొరకనప్పుడే కాదు, నీరు ఉన్నప్పటికీ అది తన దాహానికో, తోటివారి దాహానికో, చివరకు వెంట ఉన్న పశువు దాహానికో అవసరమైతే, ఆ నీటిని త్రాగడానికి ఉంచి మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చునని ఫిఖ్‌హ్ పండితులు చెప్పిన నియమాన్ని వివరిస్తున్నాను. కొన్ని రోజులుగా ఆలస్యంగా వస్తున్న ఒక బాలిక వెనుక వరుసలో కూర్చుని ఉంది. ఆలస్యానికి ఆమెను రెండుసార్లు మందలించాను కూడా. ఆమె చేయి ఎత్తింది.

“హజ్రత్, త్రాగడానికి నీళ్లు కావలసి వస్తే వుజూ మానవచ్చని చెప్పారు కదా. మరి వుజూ కోసం మా కుళాయికి తాళం ఎందుకు వేశారు?”

ఆమె స్వరంలో ఎత్తిపొడుపు లేదు. పాఠంలో అర్థం కానిది అడిగినట్లే అడిగింది. “పాఠం ముగిశాక చెబుతాను” అన్నాను. పాఠం ముగిసింది. నేను చెప్పలేదు.

ఇంటికి వెళ్తూ ఆమె ఆలస్యానికి కారణం విచారించాను. తండ్రి లేడు. తల్లి చెక్క గరిటెలు, చెంచాలు నునుపు చేసి, నగిషీ దిద్దే పని చేస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన మా ఉదయగిరి చెక్క సామాను వెనుక ఇలాంటి చేతులెన్నో ఉన్నాయి. ఎన్ని చెంచాలు పూర్తయితే అంత కూలి. ట్యాంకరు వరుసలో తల్లి నిలబడితే ఆ పూట కూలి పోతుంది. కూతురు నిలబడితే చదువు పోతుంది. ఆ ఇంట్లో చదువునే వదులుకున్నారు. మస్జిద్ కుళాయి తెరచి ఉన్నంతకాలం ఈ రెండింటిలో దేనినీ వదులుకోవలసిన అవసరం వారికి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినది పుస్తకానికి పూర్తిగా విరుద్ధమని కాదు. వక్ఫ్ నిబంధనలను గౌరవించాలన్నది నిజమే. కానీ పుస్తకంలోని ఒక పుట చదివి, రెండవ పుట మరచాను. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించిన సంగతి నాకు తెలియనిది కాదు. మదీనాలో మంచినీటికి కటకట ఏర్పడినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని తన సొమ్ముతో కొని ప్రజలకు అంకితం చేశారు. ఆ బావిలో ఆయన చేదకూ, బాటసారి చేదకూ సమాన హక్కే. ఈ గాథను ఎన్ని శుక్రవారాలు మింబర్ మీద నుండి వినిపించానో! నా వీధిలోని రూమా బావికి తాళం వేయించినదీ నేనే.

మరునాడు ఇషా తరువాత కమిటీ పెద్దల ముందు, “ఆ మాట నాది. తప్పూ నాదే” అని ఒప్పుకున్నాను. ఒక పెద్దాయన సూటిగా అడిగారు: “రమజాన్‌లో బోరు ఎండిపోతే బాధ్యత ఎవరిది?” ఆ ప్రశ్న న్యాయమైనదే. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఒకసారి కొలిచి చూద్దాం అన్నాను. వుజూ కుళాయి కింద బకెట్టు పెట్టి, ఒక యువకుణ్ణి ఎప్పటిలాగే వుజూ చేయమన్నాం. ఆరు లీటర్ల నీరు చేరింది. దైవప్రవక్త (స) సుమారు ఒక ముద్ నీటితో, అంటే మన లెక్కన లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ ముగించేవారు. మేము లోటాతో ప్రయత్నిస్తే లీటరున్నర సరిపోయింది. మనిషికి నాలుగున్నర లీటర్లు మిగులు. అయిదు పూటలకు కలిపి రోజుకు నూట యాభై వుజూలు అనుకున్నా, పదిహేను లీటర్ల బిందెలు నలభై అయిదు నిండుతాయి. వీధి కుళాయిలో రోజూ పట్టుకునే నీరు అంతకు మించి లేదు.

తాళం తీశారు. వుజూ కుళాయిలు కట్టి, లోటాలు పెట్టారు. వుజూ నీరు ఆవరణలోని వేప, కానుగ మొక్కల పాదులకు మళ్లించారు.

అంతటితో కష్టాలు గట్టెక్కాయని చెబితే అసత్యమవుతుంది. రమజాన్ చివరి పది రోజుల్లో బోరు నిజంగానే ఎండిపోయింది. ఎక్కువమంది ఇంటి దగ్గరే వుజూ చేసుకుని మస్జిద్‌కు నడిచి వచ్చారు. కొందరు నన్ను నిష్ఠూరమాడారు. ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. అందరికన్నా ముందే ఇంట్లో వుజూ చేసుకుని వచ్చి మొదటి వరుసలో నిలబడ్డారు. కరువును మేము ఆపలేకపోయాం. దాని భారాన్ని ఒక వితంతువు, ఆమె కూతురు మాత్రమే మోయకుండా అందరమూ తలా కొంత పంచుకున్నాం.

రెండున్నరేళ్ల తరువాత, 2021 నవంబరులో, ఇదే జిల్లా నీటిలో మునిగింది. కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19న తెగిపోయింది. ఆత్మకూరుకు సమీపంలో పెన్నాపై ఉన్న సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. వచ్చిన వరదను అది పట్టలేక, లక్షల క్యూసెక్కులు దిగువకు వదలవలసి వచ్చింది. ఏటి ఒడ్డు పల్లెలు మునిగాయి. పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. బిందెడు నీటికి అలమటించిన జిల్లాయే నీటికి భయపడి పరుగెత్తింది.

దీని వెనుక ఉన్న భౌతిక కారణాన్ని శాస్త్రజ్ఞులు వివరించారు. బొగ్గు, చమురు మండించడం వల్ల భూగోళం వేడెక్కుతున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని మోయగలదు. అందువల్ల ఎండ కాసినప్పుడు నేల త్వరగా ఆరిపోతుంది, వాన కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. ప్రతి కరువూ, ప్రతి వరదా దీని వల్లనే వచ్చిందని చెప్పలేము. కానీ ఈ రెండు అంచుల మధ్య దూరం పెరుగుతున్నదన్నది స్పష్టం. మానవుల చేతులు సంపాదించిన దాని మూలంగా నేల మీద, సముద్రం మీద సంక్షోభం తలెత్తిందని దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా హెచ్చరించిన విషయం మనకు తెలిసినదే.

అయితే ఎవరి చేతులు సంపాదించినది ఎవరి నెత్తిన పడుతున్నది? 2022లో పాకిస్తాన్ వరదల్లో 3 కోట్ల 30 లక్షల మంది బాధితులయ్యారు. ప్రపంచం విడుదల చేసే కర్బన వాయువుల్లో ఆ దేశం వాటా ఒక శాతం కన్నా తక్కువ. అదే ఏడాది ఈజిప్టులోని షర్మ్ అల్ షేఖ్‌లో జరిగిన వాతావరణ సదస్సు, నష్టపోయిన పేద దేశాల కోసం ఒక నిధి ఏర్పాటు చేయాలని అంగీకరించింది. అది అక్కడి సంపన్నుల కుళాయికి ఉన్న తాళం. ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

2024 హజ్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. 1301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అనుమతి పత్రం లేనివారు. చల్లని గుడారాలు, బస్సులు అందక, నీడ లేని దారుల్లో మైళ్ల కొద్దీ నడిచినవారు. నియమం ఉల్లంఘించడం సరి కాదు. కానీ సూర్యుడు అందరికీ ఒక్కడే అయినా నీడ అందరికీ ఒక్కటి కాదన్న సత్యాన్ని ఆ సంఖ్య చెబుతున్నది. వాతావరణ విధానం అన్న పెద్ద మాటలోని అసలు ప్రశ్న నాకు అదే. నీడను, నీటిని ఎవరికి ముందు అందించాలి? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇటువంటి ప్రశ్నకు మన చరిత్రలో ఒక జవాబు ఉంది. హిజ్రీ 18లో అరేబియాను కరువు కమ్ముకున్నది. నేల బూడిదలా మారినందున దానికి ఆముర్రమాదా అని పేరు వచ్చింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు నెయ్యి, మాంసం దొరికే వరకు తాను వాటిని ముట్టనన్నారు. షామ్ తదితర ప్రాంతాల నుండి ధాన్యం రప్పించారు. పశువుల జకాత్ వసూలును ఆ ఏటికి వాయిదా వేశారు. ఆ తరువాత హజ్రత్ అబ్బాస్ (రజి)ను వెంటబెట్టుకుని వాన కోసం ప్రార్థించారు. ఆయన దుఆ చేశారు, ధాన్యమూ పంచారు. ఒకటి చేసి రెండవది మానలేదు.

చట్టాలు మనకూ ఉన్నాయి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదని 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కట్టడి చేసింది. ఇది చదివినప్పుడు నాకు ఫిఖ్‌హ్ గ్రంథాల్లోని హరీమ్ నియమం గుర్తుకు వచ్చింది. బావి చుట్టూ నలభై మూరల మేర ఇంకొకరు బావి త్రవ్వకూడదని మన ఇమాములు ఏనాడో చెప్పారు. పొరుగువాని ఊటను లాక్కోవడం వారి దృష్టిలో దౌర్జన్యమే. ఈ కాలంలో ఆ దౌర్జన్యం చేయడానికి గునపం అక్కరలేదు. డబ్బుంటే చాలు, బోరు బండి వచ్చి వెయ్యి అడుగులైనా వేసిపోతుంది.

మా దుర్గం కొండపై పాతకాలపు మస్జిద్ ఒకటి ఉంది. దానిని కట్టించి, పక్కనే తోట నాటించినది గోల్కొండ సుల్తాను సామంతుడైన షేక్ హుస్సేన్ అని అక్కడి పర్షియన్ శాసనాలు చెబుతున్నాయి. సజ్దా చేసే చోటుతో పాటు నీడనిచ్చే చోటునూ ఆయన లెక్కలో వేసుకున్నాడు. మన మస్జిద్‌లలో ఎన్నింటికి ఈనాడు ఒక చెట్టు ఉంది? ఎన్నింటికి వీధివైపు ఒక కుళాయి ఉంది?

సోదర సోదరీమణులారా! వేసవికి ముందే మీ మస్జిద్ కమిటీని ఈ ప్రశ్నలు అడగండి. వుజూ నీరు ఎంత ఖర్చవుతున్నదో ఒకసారి కొలిపించండి. మీ వీధిలో బిందెలు మోసే పిల్లలెవరో, చదువుకు ఆలస్యమవుతున్నది ఎవరో తెలుసుకోండి. వారిని మందలించకముందే తెలుసుకోండి. నేను ఆ పని చేయలేదు.

ఆ బాలిక ప్రశ్నకు చాలా ఆలస్యంగా జవాబు చెప్పాను. తాళం తీసిన రోజున తరగతిలో అందరి ముందూ, “బిడ్డా, నీవు అడిగినది సరైనది. నేను చేసినది తప్పు” అన్నాను. ఆమె సిగ్గుపడి తల వంచుకున్నది. నిజానికి తల వంచుకోవలసినది నేను. అప్పటి నుండి ఏటా తయమ్ముమ్ పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఈ సంగతి కూడా చెబుతున్నాను.

అల్లాహ్ మనకు సకాలంలో వర్షాలు ప్రసాదించుగాక! ఆయన ప్రసాదించిన నీటికి మన చేతులతో తాళం వేసుకునే దుర్గతి నుండి మనల్ని కాపాడుగాక! ఆమీన్.