క్యాలెండరు వెనుక బీట

"కొంప మునిగింది" అన్న మాటను మనమందరం వాడుతూనే ఉంటాము. ఇల్లు కూలడానికీ, ఇంటివారి బ్రతుకు కూలడానికీ మన భాషలో మాట ఒక్కటే. ఆ మాటను అక్షరాలా కథగా మలచినవాడు అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో. 1839లో వెలువడిన 'ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్' అనే ఆ కథను, అండమానుకు బదిలీపై వచ్చిన తొలి వర్షాకాలంలో మేము చదివాము.

కథకుడు బాల్యమిత్రుడైన అషర్‌ను చూడబోతాడు. పాత భవంతి ముందు నల్లని మడుగు, చుట్టూ మోడువారిన చెట్లు. కప్పు నుండి మడుగు వరకు వంకరటింకరగా దిగిన సన్నని బీట. అషర్ ఇంకా కనిపించకముందే రచయిత అతని ముగింపును గోడపై వ్రాసిపెట్టాడు. చివరకు అన్నాచెల్లెళ్ళిద్దరూ మరణించిన రాత్రి, ఆ బీట వెంటనే భవంతి చీలి మడుగులో కలిసిపోతుంది.

మన ఇతిహాసాలలోనూ పతనానికి ముందు దుశ్శకునాలు కలవు. అవి ఎక్కువగా వెలుపలి నుండి వచ్చే హెచ్చరికలు. గోథిక్ భయానక కథలలో హెచ్చరిక ఇంటిలోనే ఉంటుంది. తన ఇల్లు తనను క్రుంగదీస్తున్నదని అషర్‌కు తెలుసు. అయినా గడప దాటడు. కథలోని అసలు భయం అదేనని మాకు తోచింది.

కొన్నాళ్ళకు రాస్ ద్వీపం చూడబోయాము. 2018 నుండి అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. ఒకనాడు ఆంగ్లేయుల పాలనా కేంద్రం. చర్చి, నృత్యశాల, రొట్టెల బట్టీ అన్నీ అక్కడ ఉండేవి. ఎదుటి ఒడ్డున సెల్యులార్ జైలు. 1941 జూన్ 26 నాటి భూకంపం ఆ కట్టడాలను దెబ్బతీసింది. 1942 మార్చిలో జపాను సేనలు దిగాయి. నేడు కప్పులేని గోడలను మర్రిజాతి వృక్షాల వేళ్ళు పెనవేసుకొని ఉన్నాయి.

పాపం పండి కూలినదని అనుకోవడం సులభం. కాని భూకంపానికి పాపపుణ్యాలు తెలియవు. కథలోని బీటకు రచయిత ఉద్దేశం ఉంటుంది. నిజమైన బీటకు కారణం మాత్రమే ఉంటుంది.

ఆ సాయంత్రం క్వార్టర్‌కు తిరిగివచ్చి, హాలులోని స్తంభంపై వ్రేలాడుతున్న క్యాలెండరును తొలగించాము. దాని వెనుక జానెడు బీట. అతిథుల కంట పడరాదని దానిని కప్పినది మేమే. మర్నాడే అర్జీ ఇచ్చాము. మేస్త్రీ వచ్చి పెచ్చు రాల్చి చూపగా, లోపలి ఇనుప కడ్డీ ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టి ఉన్నది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపాన్ని, సునామీని చవిచూసిన ఈ ద్వీపాలలో అది చిన్న విషయం కాదు. తుప్పును గీకి, కడ్డీకి కడ్డీ జతచేసి, స్తంభాన్ని బాగుచేశారు.

కథలలోని బీటలను చదివి ఆనందిద్దాము. మన ఇంటి బీటలను మాత్రం క్యాలెండరు వెనుక దాచవద్దని తోటి ఉద్యోగులకు మా మనవి.