ఫుప్పమ్మ రాసుకున్న పాటలు

మా ఫుప్పమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు, పాడటం ఇంకా బాగా వచ్చు, రాయటం మాత్రం రాదు. అందుకని రేడియోలో విన్న తెలుగు లలిత గీతాలన్నీ ఉర్దూ హర్ఫుల్లో రాసుకుంది. కృష్ణశాస్త్రి పాటల్ని కుడి నుంచి ఎడమకు చదివినవాళ్ళు ఈ దునియాలో మేమిద్దరమే అయ్యుంటాం, ఆమె, నేను.

2019లో ఆమె ఇన్తెఖాల్ అయ్యాక సందూకులో బట్టల అడుగున దొరికింది ఆ కాపీ. రూళ్ళ పుస్తకం, అట్టకు పాత క్యాలెండరు కాగితం. లోపల 41 పాటలు. ఉర్దూలో ‘ళ’ లేదు, ‘ణ’ లేదు. ఫుప్పమ్మ లామ్ మీద చిన్న తోయ్ పెట్టి ‘ళ’ చేసుకుంది, నూన్ మీద అదే తోయ్ పెట్టి ‘ణ’. ఇది ఆమె సొంత ఈజాద్ అనుకుని మురిసిపోయాను. పాకిస్తాన్‌లో పంజాబీ రాసేవాళ్ళు కూడా ఇలాంటి పనే చేస్తారని తర్వాత తెలిసింది. వాళ్ళకు ప్రొఫెసర్లు ఉన్నారు. ఈమెకు రాట్నం ముందు ఒక పీట ఉంది, అంతే.

కొన్ని పాటల మధ్యలో రెండు మూడు రూళ్ళు ఖాళీ. ఆ ఖాళీలో చిన్నగా ‘అజాన్’ అని ఉంటుంది. మగ్రిబ్ అజాన్ వినపడగానే మా ఇంట్లో రేడియో కట్టేసేవాళ్ళు. ఆ కాసేపట్లో పాట ఎంత పోతే అంత పోయినట్టే. మళ్ళీ అదే పాట ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వస్తే పూరించుకునేది. రానివి అలాగే ఉండిపోయాయి.

బండారులంక తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. అమలాపురం పక్కనే, నేతవాళ్ళ ఊరు, చీరలకు పేరు. నా బచ్‌పన్‌లో ఏ సందులో నడిచినా గుంట మగ్గాల చప్పుడే. ఆ చప్పుడు కింద ఇంకో ఆవాజ్ ఉండేది, రేడియోది. దూలానికి మేకు కొట్టి తగిలించేవాళ్ళు. చేతులు నాడె మీద, కాళ్ళు గుంటలో, కళ్ళు పడుగు మీద. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. ఆ రేడియోలు పాడైతే మా అబ్బా దుకాణానికి రావాల్సిందే. మర్ఫీ, బుష్, ఫిలిప్స్. మూత విప్పితే లోపలంతా నూలు పీచు. “నేతోళ్ళ రేడియోలన్నిటికీ ఒకటే బీమారీ బేటా, దమా” అని అబ్బా కుంచెతో దులిపేవాడు. బాగుచేశాక ముల్లును 837 మీద, అంటే విజయవాడ కేంద్రం మీద, పెట్టి ఇచ్చేవాడు. తిరిగివెళ్ళాక ఆ ముల్లును ఎవరూ కదపరని ఆయనకు తెలుసు.

ఫుప్పమ్మ అబ్బాకు అక్క. నిఖా అయిన రెండేళ్ళకే బేవా అయి పుట్టింటికి వచ్చేసింది. నేతవాళ్ళ ఇళ్ళకు కండెలు చుట్టి ఇచ్చేది. కుడిచేత్తో రాట్నం, ఎడమచేతిలో నూలు, పక్కన స్టూలు మీద రేడియో, ఒళ్ళో పెన్సిలు. ‘ఈ మాసపు పాట’ అని ఒక ప్రోగ్రాం ఉండేది. నెలంతా ఒకే పాట నేర్పేవాళ్ళు. ఫుప్పమ్మకు అదే మదర్సా.

లలిత సంగీతం అంటే ఏమిటని ఇప్పటి పిల్లలు అడిగితే చెప్పటం కష్టం. కచేరీ కాదు, సినిమా పాట కాదు. ఒక కవి రాసిన నాలుగు చరణాలు, ఒక రాగం నీడ, వెనకాల వీణ, వేణువు, వయోలిన్, తబలా. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. వినటానికి తాలీమ్ అక్కర్లేదు, కూనిరాగం తీయటానికి సిగ్గుపడక్కర్లేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాసి, బాణీ కట్టి, పాడించి ఈ పాటకు ఒక ఇల్లు కట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ పనిచేశారు, పుట్టింది మా కోనసీమలోని శంకరగుప్తంలోనే. ఓలేటి వెంకటేశ్వర్లు గారిదీ రాజోలే. కర్ణాటక విద్వాంసుడై ఉండి బడే గులాం అలీ ఖాన్ సాబ్ గానానికి ఆషిఖ్. ఆ ఖాన్ సాబ్ చివరి శ్వాస విడిచింది కూడా మన హైదరాబాదులోనే, 1968లో. రజనీ గారైతే 2018 దాకా ఉన్నారు, తొంభై ఎనిమిదేళ్ళు.

ఇదంతా ఎవరో ఒకరి శౌఖ్‌తో జరిగింది కాదు. 1952లో కేంద్రంలో సమాచార శాఖ వజీర్‌గా వచ్చిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. ఆ ఖాళీని పూరించటానికి కవులకు, విద్వాంసులకు సర్కారు జీతాలిచ్చి మంచి పాటలు చేయించింది. జనం ఊరుకున్నారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు, అమీన్ సయానీ ఆవాజ్ కోసం. 1957లో సర్కారు తగ్గి వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. అయినా కేంద్రాల్లో లలిత గీతం బతికే ఉంది. పుట్టుక జిద్దులో నుంచి వచ్చినా పిల్ల మాత్రం అందంగా పుట్టింది.

అన్నీ అందమైనవే అనను. ఆ కాపీలో కోయిలలు, వెన్నెలలు కాస్త ఎక్కువే. కుటుంబ నియంత్రణ మీద కూడా ఒక గీతం ఉంది. పిల్లాజెల్లా లేని ఫుప్పమ్మ దాన్నీ శ్రద్ధగా రాసుకుని, పక్కన ‘ధున్ బాగుంది’ అని నోట్ పెట్టింది.

మొన్నామధ్య డెస్కులో ఏదో ఐటమ్ కోసం వెతుకుతుంటే ఇంగ్లండువాళ్ళ లైట్ మ్యూజిక్ కథ తగిలింది. చదువుతూ చదువుతూ రాత్రి రెండయింది. యుద్ధకాలంలో, 1940 జూన్‌లో, బీబీసీ ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ అని మొదలుపెట్టింది. రోజుకు రెండు పూటలా అరగంట చొప్పున, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కోసం ఆర్కెస్ట్రా సంగీతం. ఎరిక్ కోట్స్ అనే ఆయన కట్టిన మార్చ్ దాని గుర్తు బాణీ. షరతులు ఉన్నాయి: గొంతు ఒక్కసారిగా లేవకూడదు, తాళం తెగకూడదు, పనివాడి ధ్యానం చెదరకూడదు. ‘డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సాస్’ అనే పాటలో చప్పట్లు కొట్టే చోటు ఉంది. పనివాళ్ళు చేతిలో స్పానర్లతో మిషన్ల మీద కొడుతున్నారని దాన్ని పని వేళల్లో ఆపేశారు. ఇది చదివి నవ్వాపుకోలేకపోయాను. మా వీధిలో ఒక నేత తాత ఇదే గిలా చేసేవాడు. హుషారు పాట వస్తే పేక గట్టిగా పడి చీరలో చార వస్తుందిట. ఆయనకు లలిత గీతమే ఖచ్చితమైన వేగం.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. జాన్ ఫోల్డ్స్ అని ఇంగ్లండులో ఇలాంటి తేలికపాటి బాణీలు రాసి పేరు, పొట్టకూడు సంపాదించుకున్న సంగీతకారుడు. 1935లో ఇండియాకు వచ్చాడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసుకుంటూ మన వాద్యాలతో ఒక ఆర్కెస్ట్రా కట్టటానికి తిప్పలు పడ్డాడు. హార్మోనియం మన స్వరానికి పనికిరాదని గట్టిగా రాసినవాళ్ళలో ఆయనొకడు. 1940లో రేడియో నుంచి హార్మోనియంను వెళ్ళగొట్టారు, 1971 దాకా రానివ్వలేదు. అది చూడటానికి ఆయన లేడు. 1939 ఏప్రిల్‌లో కలకత్తాకు బదిలీ అయిన కొద్ది రోజులకే కలరాతో పోయాడు. 1952లో ఢిల్లీలో రవిశంకర్ సారథ్యంలో ఆకాశవాణి వాద్యవృందం కూర్చున్నప్పుడు ఎవరికైనా ఆయన యాదొచ్చిందో లేదో. ఫుప్పమ్మ రాట్నం పక్కన మోగిన వయోలిన్ల గుంపు వెనకాల ఎక్కడో ఆ పరదేశి చేయి కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

వాళ్ళ కథ ముగిసిన తీరు కూడా మనదానిలాగే ఉంది. బీబీసీలో రికార్డులు రోజుకు ఇన్ని గంటలే వేయాలని విద్వాంసుల యూనియన్‌తో, కంపెనీలతో ఒప్పందం ఉండేది. అందువల్ల వాద్యకారులకు పని ఉండేది. 1964లో సముద్రంలో ఓడ మీద నుంచి రేడియో కరోలిన్ పాప్ పాటలు వదిలింది, మనకు సముద్రం అవతల నుంచి సిలోన్ వదిలినట్టు. 1967 సెప్టెంబర్‌లో ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ ఆగింది, దాన్ని మోసిన లైట్ ప్రోగ్రామూ మూతపడింది. అప్పటికీ వినేవాళ్ళు ఉన్నారు. వాయించేవాళ్ళకు నెల నెలా జీతమిచ్చే చేయి వెనక్కి పోయింది.

ఫుప్పమ్మ సంగతికి వస్తాను. 1970లో ఆమె లలిత సంగీతం ఆడిషన్‌కు దర్ఖాస్తు పెట్టింది. తెలుగులో ఫారం నింపింది అబ్బా. విజయవాడ రమ్మని కార్డు వచ్చింది. కార్డు దాదా చేతిలో పడింది. మన ఇంటి ఆడపిల్ల ఆవాజ్ గైర్ మర్దులు వినటమేమిటని ఆయన ఒక్క మాటతో ఖతం చేశారు. ఈ మసలా మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని నాకు తెలుసు, ఇక్కడ బహస్ పెట్టను. కానీ అదే దాదా ఫజర్ తర్వాత బిస్మిల్లా ఖాన్ షెహనాయి వస్తే తస్బీహ్ ఆపి కళ్ళు తుడుచుకునేవారు. షేక్ చినమౌలానా సాబ్ నాదస్వరం గురించి వచ్చినవాళ్ళందరికీ ఫఖర్‌గా చెప్పేవారు. ఫుప్పమ్మ ఎదురు చెప్పలేదు. మీలాద్‌లో ఆడవాళ్ళ మధ్య నాత్‌లు పాడింది, రాట్నం దగ్గర లలిత గీతాలు పాడింది. బి గ్రేడు వచ్చినా ప్రోగ్రాంకు ఇంత అని చెక్కు వచ్చేదని, ఆ డబ్బుతో సొంతంగా బతికేదాన్నని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాతో అంది. అంటూనే తెగిన నూలు ముడేసుకుంది.

నేను బందరులో నానీ ఇంట్లో ఉండి ఉర్దూ మీడియంలో చదివాను. సెలవులకు బండారులంక వస్తే ఆమె పక్కనే కూర్చునేవాణ్ణి. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే అందరూ వింతగా చూశారు. ఒకరోజు క్లాసులో మాస్టారు కృష్ణశాస్త్రి గీతం ఒకటి చదువుతుంటే నా పెదవులు వాటంతటవే కదిలాయి. “నీకెలా వచ్చయ్యా సాయిబూ?” అని అడిగారు. మా ఫుప్పమ్మ నేర్పిందన్నాను. ఆమె ఏ కాలేజీలో లెక్చరరని అడిగారాయన. నాకు జవాబు తోచలేదు.

1996 నవంబర్ 6 రాత్రి తుఫాను మీకూ యాదుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి. అబ్బా దుకాణం రేకులు లేచిపోయి, రిపేరుకొచ్చిన సెట్లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో మాత్రం ఊరంతా అబ్బా కోసం వచ్చింది, బ్యాటరీతో పలికే రేడియో ఏదైనా ఉందా భాయీ అంటూ. రేడియో కోసం జనం మా గడప తొక్కింది అదే ఆఖరు. కరెంటు వచ్చాక కొన్నది టీవీలు. మగ్గాలూ తగ్గుతూ వచ్చాయి. ఇళ్ళల్లో గుంటలు పూడ్చి పైన మంచాలు వేసుకున్నారు. చేతులు పనిలో, చెవులు ఖాళీగా ఉండే మనిషి లేకుండా పోతే ఆ పాట ఎవరికోసం మోగాలి?

రేడియోలో కూడా నిలయ విద్వాంసులు ఒక్కొక్కరే రిటైరయ్యారు, ఆ కుర్చీల్లో కొత్తవాళ్ళు చాలావరకు రాలేదు. ఎఫ్‌ఎంలు వచ్చాక సినిమా పాటే పాట. టేపు ఖరీదైన రోజుల్లో పాతదాని మీదే కొత్తది రికార్డు చేసేవాళ్ళు. అలా చెరిగిపోయినవాటికి లెక్క లేదు.

41 పాటల్లో 26 పాటలకు నాకు ధున్ దొరికింది. కొన్ని యూట్యూబులో శ్రోతలు ఇళ్ళల్లో దాచుకున్న క్యాసెట్ల నుంచి, కొన్ని నా చెవిలో మిగిలినవి. మిగతా 15 కాగితం మీద మాటలే. చదవగలను, పాడలేను. స్వరం రాసుకోవటం ఫుప్పమ్మకు తెలీదు.

కిందటి నెల అబ్బా దగ్గరకు ఆ కాపీ తీసుకెళ్ళాను. చూపు తగ్గింది, అస్ర్ నమాజు చేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. పదిహేడో పాట చదివి వినిపించాను. కాసేపు ఖామోష్. తర్వాత మొదటి రెండు వరుసలు పాడాడు, వణుకుతూనే, తప్పు లేకుండా. ఫోన్లో రికార్డు ఆన్ చేశాను. ఆగిపోయాడు. మర్చిపోయావా అబ్బా అన్నాను.

“ఠైరో,” అన్నాడు చెయ్యెత్తి. “ఇక్కడ వయోలిన్లు వస్తాయి.”

వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. వయోలిన్లు అయిపోయేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత మూడో వరుస ఎత్తుకున్నాడు.