గుట్ట మీది బొమ్మలు, అమ్మీ ప్రశ్న

జనగామలో ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరితే హన్మకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి జిల్లా రేగొండ సమీపానగల పాండవుల గుట్టకు ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. అక్కడి రాతి నీడల్లో ఆదిమానవులు గీసిన జింకలు, పులులు నేటికీ కనిపిస్తాయి. 1990లో అవి పరిశోధకుల దృష్టికి వచ్చాయి. అద్దె వ్యాను, పొయ్యి, బియ్యం, రాత్రి బస కోసం గుడారం అంటూ నేను పట్టిక రాస్తుండగా అమ్మీ ఒక్కటే అడిగారు: “అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, బేటా?” కిందటి ప్రయాణంలో ఆమె పగలంతా నీళ్లు ముట్టలేదట. అది నాకు అప్పుడే తెలిసింది. సిగ్గనిపించింది. గుడారం కొట్టివేశాను. రాత్రి బస హన్మకొండలో చెల్లెలి ఇంట్లోనే. గూడూరు వైపున్న భీమునిపాదం జలపాతం వానాకాలానికి వాయిదా పడింది. పిల్లలింకా అలిగే ఉన్నారు.